ఒకే మెషిన్, ఒకే షిఫ్ట్... నా లివరే ఎందుకు పాడైంది?

పాఠకుల ప్రశ్నలు – డాక్టరు జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. నా వయసు 34. సింథటిక్ లెదర్ ఫ్యాక్టరీలో కోటింగ్ లైన్ మీద పనిచేస్తున్నాను. చేరి ఏడు నెలలైంది. రెసిన్‌ని డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) అనే సాల్వెంట్‌లో, అంటే కరిగించే ద్రవంలో, కలిపి బట్ట మీద పూత వేస్తాం. మూడు నెలలుగా ఆకలి లేదు. పొట్ట పైభాగం బరువుగా ఉంటోంది, పొద్దున లేవగానే వికారం. రక్తపరీక్షలో, లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైములట, ఎస్‌జీపీటీ 212, ఎస్‌జీఓటీ 118 వచ్చాయి. కామెర్లను పట్టిచ్చే బిలిరుబిన్ మామూలుగానే ఉంది. నాకు తాగే అలవాటు లేదు. ఎప్పుడో ఏడాదికోసారి ఫ్రెండ్స్‌తో కూర్చుంటాను. నెల కిందట అలాగే సగం గ్లాసు బీరు తాగితే మొహం, మెడ ఎర్రగా కందిపోయి, గుండె దడ పట్టుకుంది. ఇంతకుముందు ఎప్పుడూ అలా కాలేదు. నాతోపాటు అదే మెషిన్ మీద నాలుగేళ్లుగా పనిచేస్తున్నాయన రిపోర్టు మాత్రం నార్మల్. ‘కెమికల్‌ది తప్పైతే ఆయనకీ రావాలి కదా, లోపం నీ జీన్స్‌లో ఉంది’ అంటున్నారు మా సూపర్‌వైజర్. నిజమేనా? జన్యు పరీక్ష చేయించుకోమంటారా? మా తమ్ముడు కూడా ఇక్కడే చేరదామనుకుంటున్నాడు. నా భార్య లివర్‌ని శుభ్రం చేసే క్యాప్సూల్స్ అని తెచ్చింది, వాడొచ్చా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (పేరు రాయొద్దన్న పాఠకుడు)

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఎస్‌జీపీటీ అంకె కాదు, ఆ సగం గ్లాసు బీరు. మద్యాన్ని లివర్ రెండు మెట్లలో విరగ్గొడుతుంది. మొదటి మెట్టులో ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పుడుతుంది, రెండో మెట్టులో అది హానిలేని పదార్థంగా మారిపోతుంది. డీఎంఎఫ్ ఒంట్లో ఉంటే ఈ రెండో మెట్టు మందగిస్తుంది. ఎసిటాల్డిహైడ్ పేరుకుపోతుంది, మొహం కందుతుంది, గుండె దడదడలాడుతుంది. డీఎంఎఫ్‌తో పనిచేసే 102 మందిని పరిశీలిస్తే 19 మందికి ఇలా మొహం ఎర్రబడిందని 1979లోనే ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. ఎక్కువసార్లు మద్యం తాగాకే అలా జరిగింది. కొందరికి పుట్టుకతోనే ఈ గుణం ఉంటుంది. కానీ మీకు ఇంతకుముందు ఎప్పుడూ కాలేదంటున్నారు. అంటే ఆ రోజు మీ ఒంట్లోకి సాల్వెంట్ చేరి ఉందని మీ మొహమే చెప్పింది.

ఇంకో ఆధారం మీ రిపోర్టులోనే ఉంది. తాగుడు వల్ల పాడైన లివర్‌లో సాధారణంగా ఎస్‌జీఓటీ ఎక్కువ, ఎస్‌జీపీటీ తక్కువ ఉంటాయి. మీకు తలకిందులుగా ఉంది. ఒక్క దీంతోనే తేల్చెయ్యలేం, ఎందుకంటే కొవ్వు పట్టిన లివర్‌లోనూ, వైరస్ వల్ల వచ్చే హెపటైటిస్‌లోనూ ఇలాగే ఉండొచ్చు. అయితే మీరు తాగి పాడుచేసుకున్నారని ఎవరైనా అంటే ఆ మాట మాత్రం ఒప్పుకోకండి.

ఇక జన్యువుల సంగతి. మీ సూపర్‌వైజర్ చెప్పిన దాంట్లో సగం నిజముంది. ఆ సగాన్నే మొత్తం నిజమని చెప్పడం మీకు చేసిన అన్యాయం.

డీఎంఎఫ్ లివర్‌లోకి వెళ్లాక సీవైపీ2ఈ1 అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొడుతుంది. అలా విరిగినప్పుడు పుట్టే ముక్కల్లో కొన్ని అసలు డీఎంఎఫ్ కన్నా ప్రమాదకరమైనవి, కణాల ప్రొటీన్లకు అంటుకుని వాటిని చెడగొడతాయి. వాటిని పట్టుకుని మూత్రంలోకి పంపేది గ్లూటాథయోన్ అనే పదార్థం. ఆ పనికి తోడుండే ఎంజైముల్లో ఒకటి జీఎస్‌టీటీ1. ఒకరు గునపంతో తవ్విపోస్తుంటే ఇంకొకరు వెంటవెంటనే మట్టి ఎత్తిపోస్తున్నారనుకోండి. తవ్వేవాడి చెయ్యి వేగంగా ఉండి, ఎత్తేవాళ్లలో ఒకడు రాకపోతే మట్టి కాళ్ల దగ్గరే గుట్ట పడుతుంది. తవ్వే వేగం మనిషి మనిషికీ మారుతుంది. రోజూ మద్యం తాగితే సీవైపీ2ఈ1 ఇంకా పెరుగుతుంది. ఇక జీఎస్‌టీటీ1 జన్యువు కొంతమందికి పుట్టుకతోనే పూర్తిగా ఉండదు. తైవాన్‌లో సింథటిక్ లెదర్ కార్మికుల మీద 2005లో వచ్చిన అధ్యయనంలో ఈ జన్యువు లేనివాళ్లకు లివర్ ఎంజైములు పెరిగే అవకాశం ఎక్కువని తేలింది. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉన్నవాళ్లకూ డీఎంఎఫ్‌తో ముప్పు ఎక్కువే.

దీన్నిబట్టి లోపం మీలోనే ఉందని తేల్చేయొచ్చా? 1988లో అమెరికాలో బట్టకు పూత వేసే ఒక ఫ్యాక్టరీ గురించి డాక్టర్లు రాశారు. అక్కడా డీఎంఎఫే వాడేవారు. ఒక కార్మికుడికి హెపటైటిస్ వస్తే మిగతావాళ్లకీ పరీక్షలు చేశారు. ఉత్పత్తి విభాగంలో 46 మందిలో 35 మందికి ఎంజైములు పెరిగి ఉన్నాయి. ఉత్పత్తితో సంబంధం లేని 12 మందిలో ఒక్కరికే పెరిగాయి. జన్యువుల్లోని తేడాలు ఆఫీసు గదుల్లో కూర్చున్నవాళ్లకూ ఉంటాయి కదా! ఒక్కరు తప్ప వాళ్లందరి లివర్లు బాగానే ఉన్నాయి, ఎందుకంటే వాళ్ల ఒంట్లోకి ఆ సాల్వెంట్ వెళ్లలేదు. ఉత్పత్తిలో ఉండి కూడా దెబ్బతినని ఆ 11 మంది దగ్గరే జన్యువుల ప్రశ్న వస్తుంది. అక్కడ కూడా ఎవరు ఏ పని చేస్తున్నారు, చేతులకు ఏం తొడుక్కుంటున్నారు అన్నది ముందు చూసుకోవాలి.

‘ఒకే మెషిన్’ అన్నారు కదా, అది విన్నప్పుడల్లా నాకు ఒకాయన గుర్తొస్తాడు. నేను ఒక ఫ్యాక్టరీ మెడికల్ రూమ్‌లో డాక్టరుగా చేరిన మొదటి ఏడాది. ఒకే లైన్ మీద పనిచేసే ఇద్దరిలో ఒకరికి ఎస్‌జీపీటీ మూడొందలు దాటింది, రెండో ఆయనకు మామూలుగా ఉంది. నేను మొదటాయన హెల్త్ కార్డు మీద ‘మద్యం?’ అని రాశాను. ఆయన ఆ మాట చూసి, ‘నేను తాగను మేడమ్’ అన్నాడు, అంతే. నేను తలూపి తర్వాతి పేరు పిలిచాను. రెండు వారాల తర్వాత ఎవరికో వేలు నలిగితే చూడ్డానికి షెడ్డులోకి వెళ్లాను. షిఫ్ట్ దిగే వేళ. ఆయన ఒక ప్లాస్టిక్ మగ్గులో సాల్వెంట్ పోసుకుని, మోచేతుల దాకా రుద్దుకుని ఒంటికి అంటిన రెసిన్ వదిలించుకుంటున్నాడు. సబ్బుతో పోదట. చేతుల మీద చర్మం తెల్లగా పొడిబారి, వేళ్ల కణుపుల దగ్గర పగిలి ఉంది. పక్కన తీగ మీద ఆరేసిన నూలు గ్లౌజుల నుంచి చేపల వాసన లాంటిది వస్తోంది. అదే డీఎంఎఫ్ వాసన. మరి రెండో ఆయనో? ఆయన పని ప్యానెల్ దగ్గర బటన్లు నొక్కడం. డ్రమ్ములు వంచడం, రోలర్లు తుడవడం, అంతా మొదటాయన పనే. ఆ సాయంత్రమే ఆ కార్డు తీసి, నేను రాసిన మాట కొట్టేసి, పక్కన కెమికల్ పేరు రాసి సంతకం పెట్టాను. కానీ ఆ రెండు వారాల్లోనే ఆయన తాగుబోతన్న మాట లైన్ అంతా పాకిపోయింది. దాన్ని నేను కొట్టెయ్యలేకపోయాను. అప్పటినుంచి ఏ కార్మికుడొచ్చినా చేతులు చూడకుండా రిపోర్టు చూడను.

అందుకే మిమ్మల్నీ అడుగుతున్నాను: మీ ఇద్దరిలో డ్రమ్ము వంచేదెవరు? రోలర్ తుడిచేదెవరు? గ్లౌజులు నూలువా, రబ్బరువా? డీఎంఎఫ్ ముక్కుతోనే కాదు, చర్మంలోంచి కూడా తేలిగ్గా వెళ్తుంది, కాబట్టి మాస్క్ ఒక్కటే పెట్టుకుంటే చాలదు. పల్చటి లేటెక్స్ గ్లౌజుల్లోంచి నిమిషాల్లో దిగిపోతుంది. తడిసిన నూలు గ్లౌజులైతే అసలు లేకపోవడం కన్నా అన్యాయం, షిఫ్ట్ అంతా సాల్వెంట్‌ని చర్మానికి అంటిపెట్టి ఉంచుతాయి. డీఎంఎఫ్‌ని ఆపేది బ్యూటైల్ రబ్బరు గ్లౌజు. అదే అడగండి, పేరు పెట్టి అడగండి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది చెబుతాను. వెంటనే ఆ లైన్ నుంచి పక్కకు రండి. సెలవు పెడతారో, వేరే పనికి మార్పించుకుంటారో మీ ఇష్టం. మూడు నాలుగు వారాల తర్వాత ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష) మళ్లీ చేయించండి. దూరంగా ఉంటే అంకెలు దిగి, తిరిగి వెళ్తే పెరిగితే, అంతకన్నా బలమైన సాక్ష్యం ఏ జన్యు పరీక్షా ఇవ్వదు. ఈలోగా హెపటైటిస్ బి, సి పరీక్షలు, షుగర్ పరీక్ష, పొట్ట స్కానింగ్ చేయించండి. కెమికల్‌తోపాటు ఇంకో కారణం కూడా ఉండొచ్చు, దాన్ని వదిలెయ్యకూడదు. లివర్ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ డ్రమ్ము మీది లేబుల్ ఫొటో, దొరికితే సేఫ్టీ డేటా షీట్ (ఆ కెమికల్ ప్రమాదాలు రాసి ఉండే కాగితం) పట్టుకెళ్లండి. ‘ఫ్యాక్టరీలో పని’ అని ఊరుకుంటే ఆయనకు ఏమీ తెలియదు. ‘డీఎంఎఫ్, ఏడు నెలలు, గ్లౌజులు ఫలానా రకం’ అని చెబితే సగం దారి తేలిపోతుంది. పనిలో ఉన్న మనిషి ఒంట్లోకి ఎంత చేరిందో షిఫ్ట్ అయిపోయిన వెంటనే తీసిన మూత్రంలో కొలవొచ్చు. ఆ పరీక్ష మీ మెషిన్ మీద ఉన్న అందరికీ చేయించమని అడగండి. మద్యం చుక్క కూడా వద్దు. పారాసిటమాల్‌ని కూడా ఇదే సీవైపీ2ఈ1 విరగ్గొడుతుంది, ఇదే గ్లూటాథయోన్ ఖర్చవుతుంది. అందుకని జ్వరమొచ్చినా, ఒళ్లు నొప్పులొచ్చినా డాక్టరుని అడక్కుండా వేసుకోవద్దు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మాట తడబడి మగతగా ఉన్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

జన్యు పరీక్ష వద్దు. జీఎస్‌టీటీ1 లేదని వచ్చినా, ఉందని వచ్చినా మీకు చెప్పే వైద్యం ఒకటే. ఆ జన్యువు లేకపోవడం అరుదేమీ కాదు. తూర్పు ఆసియా జనాభాల్లో దాదాపు సగం మందికి ఉండదు. అంతమందికి లేనిదాన్ని లోపం అనడం నాకు సమ్మతం కాదు.

తమ్ముడి విషయం. తోడబుట్టిన ఇద్దరికి సుమారు సగం జన్యువులు కలుస్తాయి, కాబట్టి అతనికీ మీలాగే కావొచ్చు, కాకపోవచ్చు. కానీ మీ లైన్ ఇప్పుడున్నట్టే ఉంటే నా తమ్ముడైనా సరే చేరొద్దనే అంటాను. కలిపే డ్రమ్ములకు మూతలుండి, ఆవిరిని లాగేసే ఏర్పాటుండి, సరైన గ్లౌజులిచ్చి, చేరకముందే ఒకసారి ఎల్‌ఎఫ్‌టీ చేస్తామంటే అప్పుడు ఆలోచించుకోవచ్చు. ఇందాక చెప్పిన ఆ అమెరికా ఫ్యాక్టరీలో పని పద్ధతులు మార్చి, బాగా దెబ్బతిన్నవాళ్లను పక్కకు తప్పించాక చాలామందికి ఎంజైములు దిగాయి, బాధలూ తగ్గాయి. మీకూ తగ్గుతాయనే నా నమ్మకం. ఏడు నెలలంటే ఇంకా తొలి దశే.

ఆ క్యాప్సూల్స్ ఆపెయ్యండి. ఇలాంటి వాటిలో తరచూ గ్రీన్ టీ సారం గాఢంగా ఉంటుంది. హెచ్‌ఎల్‌ఏ-బి 35:01 అనే జన్యురకం ఉన్నవాళ్లలో ఆ సారమే లివర్‌ని దెబ్బతీసే ముప్పు ఎక్కువని 2020లో బయటపడింది. కప్పులో తాగే టీ గురించి కాదు నేను చెప్పేది, మాత్రల్లో కుక్కిన సారం గురించి. మీ భార్య ప్రేమతోనే తెచ్చారు, ఆమెకు ఈ పేరా చదివి వినిపించండి.

ప్రశ్న: మా అన్నయ్య వయసు 23. మెషిన్ విడిభాగాలకు అంటిన గ్రీజు కడిగే పనిలో చేరాడు. ఇరవై నాలుగో రోజున జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, మెడలో బిళ్లలు, ఆ వెనకే కామెర్లు. ఆ గ్రీజు కడిగే ట్రైక్లోరోఇథిలీన్ అనే సాల్వెంట్ పడక ఇలా అయిందని డాక్టర్లు అన్నారు. నెలరోజులు ఆస్పత్రిలో ఉండి బయటపడ్డాడు. ఇప్పుడు ఫ్యాక్టరీవాళ్లు ‘మంచి మాస్క్ ఇస్తాం, తిరిగి రా’ అంటున్నారు. పంపమంటారా? (ఒక చెల్లెలు)

జవాబు: పంపొద్దమ్మా. మాస్క్ ఎంత మంచిదైనా పంపొద్దు.

పై ఉత్తరంలోని జబ్బు, మీ అన్నయ్య జబ్బు రెండూ లివర్‌వే అయినా దారులు వేరు. అక్కడ లోపలికి ఎంత వెళ్లిందన్నదే ముఖ్యం. ఇక్కడ అన్నయ్య రోగనిరోధక వ్యవస్థ ఆ కెమికల్‌ని శత్రువుగా గుర్తుపెట్టుకుంది. పనిలో చేరిన కొద్ది వారాలకు జ్వరం, దద్దుర్లు, లివర్ వాపు కలిసి రావడం దీని పద్ధతి. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక కొద్దిపాటి ఆవిరి తగిలినా మళ్లీ రావొచ్చు, మొదటిసారి కన్నా ఉధృతంగా రావొచ్చు. అదే షెడ్డులో వేరే మూల కూర్చునే పని ఇస్తామన్నా ఒప్పుకోకండి.

జన్యువు మాట గట్టిగా పనికొచ్చేది ఇక్కడే. ఈ జబ్బుకీ హెచ్‌ఎల్‌ఏ-బి 13:01 అనే జన్యురకానికీ దగ్గరి సంబంధం ఉందని చైనాలో ట్రైక్లోరోఇథిలీన్ కార్మికుల మీద జరిగిన పరిశోధనలో 2007లో తేలింది. అయినా ఆ జన్యురకం ఉండి, ఆ పనే చేస్తూ, ఏ జబ్బూ రానివాళ్లే ఎక్కువ. కాబట్టి ఇది అన్నయ్య తప్పు కాదు, మీ కుటుంబానికి అంటిన మచ్చా కాదు.

అన్నయ్య జేబులో పెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. కుష్ఠుకీ, కొన్ని చర్మవ్యాధులకీ డాప్సోన్ అనే మందు ఇస్తారు. అది పడక వచ్చే ప్రమాదకరమైన రియాక్షన్ ముప్పు కూడా ఇదే 13:01 ఉన్నవాళ్లకు ఎక్కువని 2013లో బయటపడింది. అన్నయ్యకు ఆ జన్యురకం ఉందో లేదో చూడకుండా డాప్సోన్ ఇవ్వకూడదు. ఒక కాగితం మీద ట్రైక్లోరోఇథిలీన్ పేరు, జబ్బు వచ్చిన తేదీ, ‘డాప్సోన్ ముందు హెచ్‌ఎల్‌ఏ పరీక్ష’ అన్న మాట రాసి, ఆస్పత్రి డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్‌తో కలిపి ఉంచండి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా మొదట అదే చూపించాలి. ఆ ఫ్యాక్టరీలో అదే పనిలో కొత్తగా చేరినవాళ్లుంటే, మొదటి రెండు మూడు నెలల్లో దద్దుర్లతో జ్వరం వస్తే మామూలు ఎలర్జీ అనుకోవద్దని అన్నయ్య చేత ఫోన్ చేయించి చెప్పించండి. ఈ మాట డాక్టరు నోట కన్నా ఆ మంచం మీంచి లేచొచ్చిన మనిషి నోట వింటేనే వాళ్లకు ఎక్కుతుంది.

ప్రశ్న: నేను ఒక కెమికల్ యూనిట్‌లో ప్రొడక్షన్ మేనేజర్‌ని. మా దగ్గర సాల్వెంట్ల వాడకం ఎక్కువ. ఉద్యోగంలో చేర్చుకునే ముందే జన్యు పరీక్ష చేసి, తట్టుకోలేనివాళ్లను తీసుకోకపోతే వాళ్లకీ మంచిదే కదా? మంచి ఉద్దేశంతోనే అడుగుతున్నాను. (ఒక పాఠకుడు)

జవాబు: మీ ఉద్దేశాన్ని శంకించను. అలా మొదలుపెట్టిన పని ఎటు పోతుందో మాత్రం చెబుతాను.

మీరు జీఎస్‌టీటీ1 లేనివాళ్లను తీసేశారనుకుందాం. డీఎంఎఫ్ దగ్గర అది లేకపోవడం నష్టం. పెయింట్ ఊడగొట్టడానికి వాడే డైక్లోరోమీథేన్ దగ్గర కథ తిరగబడుతుంది. ఆ కెమికల్‌ని డీఎన్‌ఏకి హాని చేసే పదార్థంగా మార్చేదే జీఎస్‌టీటీ1. అక్కడ అది లేనివాళ్లే ఆ దెబ్బ తప్పించుకుంటారు. మీ యూనిట్‌లో రెండు సాల్వెంట్లూ ఉంటే ఎవరిని తీసుకుంటారు, ఎవరిని వద్దంటారు?

1974 జనవరిలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఒక పీవీసీ ఫ్యాక్టరీ కార్మికుల్లో లివర్ ఆంజియోసార్కోమా కేసులు బయటపడ్డాయి. ఒక డాక్టరు జీవితమంతా ప్రాక్టీసు చేసినా ఒక్కటి కూడా చూడనంత అరుదైన కేన్సర్ అది. పీవీసీ తయారయ్యే రియాక్టర్ గోడలకు అంటుకున్న గట్టి పెచ్చుల్ని గీకడానికి మనుషులు లోపలికి దిగేవారు. ఆ ట్యాంకుల్లో వినైల్ క్లోరైడ్ మిగిలి ఉండేది. ఆ గ్యాసు వల్ల కలిగే హాని కూడా జన్యువుల్ని బట్టి మనిషి మనిషికీ మారుతుందని తర్వాతి ఏళ్ల పరిశోధనల్లో తెలిసింది. కానీ అప్పుడు ఎవరి జన్యువులూ వెతకలేదు. గాలిలో పది లక్షల భాగాలకు 500 భాగాల దాకా ఉండొచ్చన్న పరిమితిని 1 భాగానికి దించారు. లీకులు మూశారు, మనిషి లోపలికి దిగాల్సిన పని తగ్గించారు. ఆ తర్వాత చేరిన కార్మికుల్లో ఆ కేన్సర్ దాదాపు కనపడకుండా పోయింది.

ఇంకో ఉదాహరణ. అమెరికాలోనే ఒక రైల్వే కంపెనీ, చేతి నరాల నొప్పి వచ్చిన ఉద్యోగుల రక్తం తీసి వాళ్లకు చెప్పకుండా జన్యు పరీక్షలు చేయించింది. 2001లో అది కోర్టుకెక్కింది, మరుసటి ఏడాది కంపెనీ 22 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఉద్యోగం ఇవ్వడానికీ, తీసెయ్యడానికీ జన్యు సమాచారం వాడకూడదని 2008లో అక్కడ చట్టమే వచ్చింది.

పరీక్షలకు పెట్టాలనుకున్న డబ్బుతో మిక్సర్ దగ్గర గాలి కొలిపించండి, మనిషి ముక్కు ఎత్తులో, డ్రమ్ము వంచే సమయంలో. చేరేటప్పుడు అందరికీ ఎల్‌ఎఫ్‌టీ చేయించండి, తర్వాత మొదటి కొన్ని నెలలు నెలనెలా. ఆ రిపోర్టు కార్మికుడి చేతికే ఇవ్వాలి, సూపర్‌వైజర్ బల్ల మీదికి వెళ్లకూడదు. ఎవరికైనా అంకెలు పెరిగితే జీతం తగ్గించకుండా వేరే పనికి మార్చండి. జీతం పోతుందని తెలిస్తే వికారం దాచుకుని పనికొస్తారు, అలా దాచుకున్నవాళ్లను చాలామందిని చూశాను. మొట్టమొదట దెబ్బతిన్న మనిషి పనిచేసే చోటికి ఆ రోజే వెళ్లి చూడండి, ఎందుకంటే అక్కడి గాలి మిగతావాళ్లూ పీలుస్తున్నారు.

రేపు షిఫ్ట్ దిగే వేళకు చేతులు కడుక్కునే చోట ఒక పావుగంట నిలబడండి. అక్కడ సాల్వెంట్ మగ్గు కనపడితే తీయించేసి, రెసిన్ వదిలే హ్యాండ్ క్లీనరూ నీళ్లూ పెట్టించి, నాకు మళ్లీ ఉత్తరం రాయండి.